ఆదివారం ఉదయం కాన్పు పాఠాలు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: నార్మల్ డెలివరీకి ముందు నుంచే సిద్ధం కావడం, సిద్ధం చేయడం.

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేస్తున్నాను. ఉదయం ఏడింటికి ఫోన్ వస్తే ఆ రోజు పని ఉన్నట్టు, లేదంటే లేనట్టు. గర్భిణులకు ప్రసవ శిక్షణ ఇచ్చే కోర్సు పూర్తి చేశాను. భార్యాభర్తలిద్దరికీ కలిపి క్లాసులు పెట్టాలనుంది. ఏ నెలలో మొదలుపెట్టాలి? ఎన్ని క్లాసులు? రెండు పనులూ కుదురుతాయా? – హనుమకొండ పాఠకురాలు

జవాబు: కుదురుతాయి. అయితే ఏ పని దేనికోసం సర్దుకోవాలో ముందే తేల్చుకోండి. స్కూలుకు ఈ రోజు మీరు కాకపోతే ఇంకొకరు దొరుకుతారు, గర్భిణికి మాత్రం 27వ వారం మళ్లీ రాదు. కాబట్టి క్యాలెండర్లో ముందు క్లాసుల తేదీలు రాసుకుని, మిగిలిన రోజులే స్కూలుకు ఇవ్వండి. ఆ సంగతి స్కూలుకు కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెబితే పరీక్షల సీజన్లో ఎవరికీ గుర్తుండదు.

ఆరు క్లాసులు, ఒక్కోటి రెండు గంటలు, ఆదివారం ఉదయం. సాయంత్రాలు వద్దు. ఏడు పీరియడ్లు నిలబడి చెప్పి వచ్చిన గొంతుతో నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్పలేరు. ఎప్పుడైనా క్లాసు తప్పితే పెట్టుకోవడానికి రెండో శనివారం ఖాళీగా ఉంచండి.

వారాల లెక్క దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. 30వ వారంలో మొదలుపెట్టి 36 లోగా ముగించాలని శిక్షణ కోర్సుల్లో చెబుతారు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్లిపోతారు, ఎనిమిదో నెలలో కదపరు. 30వ వారంలో బ్యాచ్ పెట్టారంటే చాలామంది అప్పటికే ఊళ్లో ఉండరు. 22వ వారంలో మొదలుపెట్టి 27కల్లా పూర్తి చేయండి. 35వ వారంలో అమ్మాయితో, వాళ్ల అమ్మతో కలిపి గంటసేపు వీడియో కాల్ పెట్టుకోండి. నొప్పులప్పుడు పక్కన ఉండేది ఆవిడే అయితే, ఆరు క్లాసులూ అల్లుడికి చెప్పి ఆవిడకు ఏమీ చెప్పకపోవడం వృథా శ్రమ.

ఒక బ్యాచ్‌లో నాలుగైదు జంటలు చాలు. అందరి డెలివరీ తేదీలు మూడు వారాల లోపు తేడాలో ఉండాలి. మొదటి క్లాసులోనే ఒక్కొక్కరి ఫైలు చూడండి. మాయ (ప్లసెంటా) కిందికి ఉందన్నవాళ్లు, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉందన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, ఇంతకుముందు సిజేరియన్ అయినవాళ్లు వ్యాయామాలు చేయాలంటే వాళ్ల డాక్టరు రాతపూర్వకంగా సరే అనాలి.

నొప్పులు ఏం పని చేస్తాయో చెప్పడానికి బొమ్మల చార్టు కంటే ఒక బెలూన్ మేలు. బెలూన్ గర్భసంచి, దాని మెడా మూతీ గర్భాశయ ముఖద్వారం, లోపలి బంతి బిడ్డ అనుకోమనండి. 12 అంగుళాల బెలూన్లో టేబుల్ టెన్నిస్ బంతి దూర్చి, సగం వరకే ఊది, బంతి మూతి దగ్గరికి వచ్చేలా తలకిందులుగా పట్టుకోండి. బంతి అడ్డుపడి గాలి పోదు, ముడి వేయక్కర్లేదు. ముందు పక్కల నుంచి నొక్కండి. మూతిలో మార్పేమీ ఉండదు, అవి దొంగ నొప్పులు. తర్వాత పైనుంచి నొక్కి వదులుతూ ఉండండి. మొదట మెడ పొట్టిదవుతుంది, ఆ తర్వాతే మూతి తెరుచుకుంటుంది, చివరికి బంతి బయటికి వస్తుంది. ‘నిన్న రాత్రి నుంచి నొప్పులు, డాక్టరేమో రెండు సెంటీమీటర్లే తెరుచుకుంది అంటున్నారు’ అనే కంగారుకు ఇదే జవాబు: మెడ పలచబడే పని సెంటీమీటర్లలో కనిపించదు. బెలూన్ నిండా ఊదితే మాత్రం క్లాసు మధ్యలో పేలుతుంది. కొత్త బెలూన్‌ను ముందు ఒకసారి ఊది, గాలి తీసి, మెత్తబడ్డాక వాడండి.

ఊపిరి నేర్పడానికి ఐసుముక్క పనికొస్తుంది. అరచేతిలో ఒక నిమిషం పట్టుకోమనండి. మొదటిసారి ఏమీ చెప్పకండి. రెండోసారి ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, నోటితో ఆరు లెక్కపెడుతూ వదలమనండి. తేడా వాళ్లకే తెలుస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయనో, తల తిరుగుతోందనో ఎవరైనా అంటే ఊపిరి మరీ వేగంగా తీస్తున్నారని అర్థం. వదిలే ఊపిరిని ఇంకా పొడిగించమని చెప్పాలి. టీవీల్లో చూపించే ‘హీ హీ హూ’ తరహాతో వచ్చే చిక్కు ఇదే.

పెద్ద వ్యాయామ బంతి కొంటే 5 అడుగుల 3 అంగుళాల లోపు ఎత్తున్నవాళ్లకు 55 సెంటీమీటర్లది, ఆపైన 65ది. కూర్చున్నప్పుడు తుంటి కంటే మోకాళ్లు కాస్త కిందికి ఉండాలి. టైల్స్ మీద బంతి జారిపోతుంది, కింద మ్యాట్ వేసి, పక్కన మనిషిని నిలబెట్టండి.

బడిలో పనిచేసే మీకు మరో జాగ్రత్త ఉంది. రోజుకో క్లాసుకు వెళ్తారు కాబట్టి ఆటలమ్మ, తట్టు, ఫ్లూ మీకు ముందుగా ఎదురవుతాయి. మీకు ఆటలమ్మ ఇదివరకే వచ్చిందో, రెండు డోసుల టీకా పడిందో తేల్చుకోండి. రెండూ కాకపోతే, క్లాసులో పిల్లవాడికి ఆటలమ్మ అని తెలిసినప్పుడు వెంటనే డాక్టరును కలవండి. మీరు వాడి దగ్గర ఉన్న రోజు నుంచి లెక్కపెట్టి, 8వ రోజు నుంచి 21వ రోజు వరకు గర్భిణుల దగ్గరికి వెళ్లకండి, క్లాసులు వీడియోలోనే పెట్టండి. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అది అంటుకుంటుంది. ‘నాకేమీ లేదుగా’ అని వెళ్లడం గర్భిణులకు ప్రమాదం.

చివరగా, కాన్పు సమయంలో పక్కన ఉంటానని మాటివ్వకండి. చెప్పిన తేదీకే ప్రసవించేవాళ్లు నూటికి నలుగురైదుగురే. డౌలాగా (కాన్పు సమయంలో తోడుండి ధైర్యం చెప్పే సహాయకురాలిగా) ఉండాలంటే ఒక్కో అమ్మాయి కోసం 38వ వారం నుంచి దాదాపు నెల రోజులు ఏ క్షణాన పిలిచినా వెళ్లేలా ఉండాలి. ఉదయం ఏడింటి ఫోను మీద నడిచే ఉద్యోగంతో అది పొసగదు. చేతులు పెట్టి పరీక్షించడం, మందులు చెప్పడం, డాక్టరు రాసినవి మానేయమనడం మీ పని కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదో నెల. అల్లుడిది బెంగళూరులో ఉద్యోగం, సమయానికి రాగలడో లేదో. నేనే ఉంటాను. లేబర్ రూంలోకి రానిస్తారా? రానిస్తే నేను ఏం చేయాలి? – తెనాలి నుంచి ఒక తల్లి

జవాబు: ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడతోడును అనుమతించవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. మిగతావాళ్లకు ఇబ్బంది లేకుండా మరుగు ఉన్నచోట భర్తను కూడా రానివ్వొచ్చు. అయినా డ్యూటీలో ఉన్నవాళ్లను బట్టి నడుస్తుంది కాబట్టి ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడే అడిగి తేల్చుకోండి. ప్రైవేటులో అయితే నర్సింగ్ సూపరింటెండెంటును అడగండి.

ఇంట్లో మీ మొదటి పని గడియారం చూడటం. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేవరకు లెక్క. చాలామంది నొప్పి తగ్గినప్పటి నుంచి లెక్కపెట్టి తారుమారు చేస్తారు. తొలి కాన్పుకు, అన్నీ బాగున్నవాళ్లయితే, ఐదేసి నిమిషాలకు ఒక నొప్పి, ఒక్కోటి నిమిషం పాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరండి. ఆసుపత్రి గంట ప్రయాణమైనా, రెండో కాన్పైనా అంతసేపు ఆగొద్దు. మరీ ముందు వెళ్తే మంచం మీద పడుకోబెడతారు, సెలైన్ పెడతారు, నొప్పులు పెరిగే మందు మొదలవుతుంది.

గడియారంతో పనిలేకుండా వెంటనే వెళ్లాల్సినవి: ఉమ్మనీరు పోవడం, అది ఆకుపచ్చగా ఉంటే మరీ త్వరగా, రక్తం ధారగా కనిపించడం, బిడ్డ కదలికలు తగ్గడం (పడుకుని లెక్కపెట్టినా రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే), తగ్గని తలనొప్పి, చూపు మసక, 37 వారాలు నిండకముందే నొప్పులు. అవసరమైతే 108కి ఫోన్ చేయండి. ఫైలు, స్కానులు, తల్లీబిడ్డల కార్డు ఒకే సంచీలో ఉంచండి.

లోపలికి వెళ్లాక: నడుము కింద, పిరుదుల చీలికకు పైనుండే చదును ఎముక మీద అరచేతిలో మణికట్టు దగ్గరి భాగం ఆనించి, నొప్పి వచ్చినంతసేపూ మీ శరీర బరువుతో గట్టిగా నొక్కండి. నొప్పి తగ్గగానే చెయ్యి వదులు చేయండి. రుద్దొద్దు, తోలు రేగుతుంది. అరగంటకోసారి భంగిమ మార్చండి: నడక, మంచం పట్టుకుని ముందుకు వంగడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం. నొప్పికీ నొప్పికీ మధ్య గుక్కెడు మంచినీళ్లో మజ్జిగో పట్టండి, డాక్టరు వద్దంటే తప్ప. రెండు గంటలకోసారి మూత్రానికి పంపండి. నిండిన మూత్రసంచి బిడ్డ తలకు అడ్డం.

‘అరవకు, పక్కవాళ్లు వింటారు’ అని మాత్రం అనకండి. పంటి బిగువున పట్టుకుంటే ఒళ్లు బిగుసుకుంటుంది. సన్నటి కేకను లోగొంతు మూలుగులోకి దింపేలా మీరూ ఆమెతో గొంతు కలపండి.

ప్రశ్న: తొమ్మిదో నెలలో ఆముదం తాగితే, నెయ్యి ఎక్కువ తింటే కాన్పు సులువవుతుందని మా అత్తయ్య పట్టుబడుతున్నారు. నిజమేనా? – నిజామాబాద్ పాఠకురాలు

జవాబు: ఆముదం వద్దు. అది పేగులను కదిలించి విరేచనాలు తెస్తుంది. నొప్పులు మొదలైనా నీరసంతో లేబర్ రూంకు చేరతారు. నెయ్యి కడుపులోకి పోతుంది గానీ బిడ్డ వచ్చే దారికి చేరదు. అన్నంలో ఒక చెంచా తింటే మంచిదే, గిన్నెడు తింటే బరువు పెరుగుతుంది. ఖర్జూరాల మీద కొన్ని చిన్న పరిశోధనలు ఆశ కలిగించాయి, అంతవరకే. షుగరు ఉన్నవాళ్లు వాటి జోలికి పోవద్దు.

నిజంగా ఉపయోగపడేది ఒకటుంది, దాని గురించి మాట్లాడటానికి సిగ్గుపడతారు. 35వ వారం నుంచి వారానికి ఒకటి రెండుసార్లు, చేతులు కడుక్కుని, గోళ్లు తీసుకుని, కొబ్బరి నూనెతో బొటనవేలు రెండు మూడు సెంటీమీటర్లు యోని లోపలికి పెట్టి, కిందికీ పక్కలకీ మంట తెలిసేవరకు నెమ్మదిగా సాగదీసి పట్టుకోవాలి. ఐదు నిమిషాలు చాలు. తొలి కాన్పులో కోత, కుట్లు పడే అవకాశం తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ ఉన్నా, ఉమ్మనీరు పోతున్నా, మాయ కిందికి ఉన్నా చేయకూడదు.

మీ అత్తయ్యగారు చెప్పేవాటిలో ముక్కాలిపీట మీద కూర్చోవడం, నడక మంచివే. వాటికి సరేనంటే ఆముదం సంగతి ఆవిడే మరిచిపోవచ్చు.

ప్రశ్న: క్లాసులకు వెళ్తే నార్మల్ గ్యారంటీయా? మా ఆవిడ కడుపులో బిడ్డ మెడకు పేగు (బొడ్డుతాడు) చుట్టుకుందన్నారు, ఆపరేషన్ అంటున్నారు. – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: గ్యారంటీ అని చెప్పే క్లాసుకు వెళ్లకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఒకే రాష్ట్రపు ఆడవాళ్ల మధ్య ఇంత తేడాను శరీరాలతోనే వివరించలేం. ఏ ఆసుపత్రికి వెళ్తున్నారన్నది కూడా ముఖ్యమే.

మెడకు పేగు నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో కనిపిస్తుంది. మామూలుగా అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు, నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఉంటారు. మాయ దారికి అడ్డంగా ఉండటం, బిడ్డ అడ్డం తిరగడం, బిడ్డ కంటే ముందు బొడ్డుతాడు జారడం, గుండె చప్పుడు పడిపోయి కోలుకోకపోవడం అసలైన కారణాలు. అప్పుడు ‘నార్మల్ కోసం కాసేపు ఆగుదాం’ అనకండి. డాక్టరును ఈ మూడు అడగండి: ఇప్పుడే అవసరమా? కొన్ని గంటలు చూస్తే ప్రమాదమేమిటి? ఇంకే దారి ఉంది? కారణం వైద్యపరమైతే జవాబు వెంటనే దొరుకుతుంది. ‘రేపు మంచి ముహూర్తం’ అన్నమాట మీ ఇంటివైపు నుంచి వస్తే మాత్రం మీరే ఆపండి. 39 వారాలు నిండకుండా తీసిన బిడ్డలకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ.

ఆపరేషనే అయితే వెన్నులో మత్తు ఇస్తారు, తల్లి మెలకువగానే ఉంటుంది. తల్లీబిడ్డలు బాగుంటే బిడ్డను తుడిచి తల్లి ఛాతీ మీద పెట్టమని, మొదటి గంటలోనే పాలు పట్టించమని ముందురోజే అడిగి ఫైలులో రాయించండి. మత్తు వల్ల ఆమె చేతులు వణకొచ్చు, బిడ్డను ఎవరు పట్టుకోవాలో కూడా ముందే మాట్లాడుకోండి.