కోపపడుడి అంటే కోపపడమన్నట్టా?

హనుమకొండ నుంచి ఒక చెల్లె అడిగింది: "మా ఆయనకు గుస్సా వస్తే మూడు రోజులు మాట్లాడడు, అడిగితే బైబిల్లనే కోపపడుడి అని ఉన్నది కదా అంటడు. ఆ మాటకు అర్థం అదేనా? తొందరగ కోపపడకుండ ఓర్చుకునుడును బైబిల్ల దీర్ఘశాంతము అంటరు కదా, అది అసలు తెలుగు మాటేనా?"

చెల్లే, మీ ఆయన సగం వాక్యం దగ్గరనే ఆగిపోయిండు. ఎఫెసు సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, ఎఫెసీయులకు 4:26 లో "కోపపడుడి గాని పాపము చేయకుడి" అని ఉంటది. పడుడి అంటే పడండి, పాత గ్రాంథికం. మన దిక్కు వచ్చుడు పోవుడు అంటం కాబట్టి కోపపడుడు లెక్క వినపడి కొంచెం తికమక అయితది, అది వేరే. మరి ఆజ్ఞేనా అంటే, రూపం ఆజ్ఞదే గని పని ఆజ్ఞది కాదు. పిలగాని మీద చెయ్యెత్తిన తండ్రిని ఆపుకుంట పెద్దమ్మ "తిట్టు గని కొట్టకు" అంటది, తిట్టుమని ఆర్డరేసినట్టా? బరువంతా 'గాని' అన్న మాట తర్వాత వచ్చేదాని మీదనే. ఆ వెంటనే "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని గడువు కూడా పెట్టిండు పౌలు, మూడు రోజులంటే మూడు పొద్దులు గూకినయ్ మరి. నిలవ పచ్చడికి రుచొస్తది గని నిలవ కోపానికి ఏమొస్తది. కోపం వచ్చుడే తప్పు అనలే, దాన్ని ఉంచుకునుడు, దాంతోని ఇంకొకల్లను నొప్పిచ్చుడు వద్దన్నడు, మాట్లాడకుండ సతాయించుడు కూడ అందుల్నే వస్తదని నా లెక్క. 5 వచనాలు కిందికి పో, కోపము, క్రోధము విసర్జించుడి అని ఆయనే అంటడు.

దీర్ఘశాంతము రెండు సంస్కృతం మాటలు కలిపింది, చర్చి బయట పెద్దగ వినపడదు. కొత్త నిబంధన రాసిన గ్రీకుల దీనికి మక్రోతుమియా అని ఉంటది, అండ్ల మక్రో అంటే దీర్ఘం, పొడుగు. పాత నిబంధన హీబ్రూల ఇంకా మజా ఉన్నది, అఫ్ అంటే ముక్కు, కోపానికి కూడా అదే మాట, తొందరగ కోపం రానోన్ని ఎరెక్ అప్పయిమ్ అంటరు, మాటకు మాట చెప్తే పొడుగు ముక్కులోడు! మనం ముక్కు మీద కోపం అంటలేమా? ఒకల దగ్గర ఒకలు నేర్చుకున్నది కాదు, కోపమొస్తే ముక్కుపుటాలు అదురుడు అందరికీ ఒక్కటే. ఓపిక అంటే సరిపోదా అంటవేమో, ఓపిక జరమొచ్చినోనికి కూడా కావాలె, పని చేసెటోనికీ కావాలె, దీర్ఘశాంతము మాత్రం మనిషి మీద కోపం ఆపుకునే కాడనే.

అడగకున్నా ఇంకోటి చెప్త. తప్పు కడుపుల పెట్టుకో అంటే మాఫ్ చెయ్యుమని, మనసుల పెట్టుకున్నడు అంటే పగ పట్టిండని. రెండూ లోపల దాచుకునుడే, అర్థాలు మాత్రం ఎదురుబొదురు. మీ ఆయన ఏడ పెట్టుకున్నడో నువ్వే అడుగు, పొద్దుగూకకముందే.