మామగారి మీద గౌరవం వేరు, మీ సంతకం వేరు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మిర్చి పండే ప్రాంతంలో రెండు కోల్డ్ స్టోరేజీలు నడుపుతున్నాను. మొదటిది మా నాన్నగారు కట్టించినది. మామగారు మంత్రిగా చేసినవారు. పెళ్లయి 16 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఊళ్లో నాకు పేరు లేదు, నేను ‘ఫలానా వారి అల్లుడిని’ మాత్రమే. వచ్చే ఎన్నికల్లో మా బావమరిది నిలబడతాడట. అతని అప్పుకు నా స్టోరేజీలు తాకట్టు పెట్టి, హామీదారుగా సంతకం చేయమంటున్నారు. నాలుగేళ్ల క్రితం అతని డబ్బుతో కొన్న రెండెకరాలు నా పేరున రిజిస్టరయ్యాయి. మొన్న ఒక చానల్ నన్ను బినామీ అంది. సంతకం గురించి వెనకాడుతుంటే నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. రాత్రుళ్లు నిద్ర లేదు. ఇందిరా గాంధీ భర్త ఫిరోజ్ గాంధీ కూడా అల్లుడే కదా, మామగారైన నెహ్రూ ప్రభుత్వాన్నే నిలదీశాడు. నేనూ విలేకరులను పిలిచి అన్నీ చెప్పేస్తే ఈ బరువు తీరుతుందా? – పేరు, ఊరు రాయవద్దు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కొద్ది భాగమే ఇచ్చాను గానీ మొత్తం మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతూ లెక్కపెట్టాను. మామగారి ప్రస్తావన 19 సార్లు వచ్చింది. మీ భార్య ప్రస్తావన మూడుసార్లే, అందులో ఒకసారి ‘మంత్రిగారి అమ్మాయి కదా’ అని రాశారు. ఈ సంగతి దగ్గరకు మళ్లీ వస్తాను. ముందు గడువున్న పనులు చూద్దాం.

తాకట్టు సంతకం చేయవద్దు. హామీదారు అంటే సాక్షి అనుకునేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో, ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, హామీదారుకూ అంతే బాధ్యత. ముందు మీ బావమరిదిని అడిగి, అతను కట్టలేకపోతేనే బ్యాంకు మీ గడప తొక్కాలన్న నియమం లేదు. ఎన్నికల్లో పెట్టిన డబ్బు తిరిగి వస్తుందో రాదో నాకంటే మీకే బాగా తెలుసు, ఆ ఇంటిని 16 ఏళ్లుగా చూస్తున్నారు. పైగా మీ స్టోరేజీలో ఉన్నది మీ సరుకు కాదు. ధర కోసం ఎదురు చూస్తూ రైతులు దాచుకున్న టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. సరుకు దాచినందుకు మీరిచ్చిన బాండ్లు చూపించి అప్పులు తెచ్చుకున్న కుటుంబాలు ఎన్ని ఉంటాయి! రేపు బ్యాంకు మీ గేటుకు తాళం వేస్తే వాళ్ల మిర్చి లోపల చిక్కుకుంటుంది. మీ నాన్నగారి మీద నమ్మకంతో మొదలైన వ్యాపారం అది. మీకు ధైర్యం చాలనప్పుడు ఆ రైతులను తలచుకోండి.

ఇక ఆ రెండెకరాలు. నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో అభ్యర్థి తన ఆస్తులు, భార్య ఆస్తులు, తనపై ఆధారపడినవారి ఆస్తులు చూపించాలి. అక్క భర్త ఆస్తులు చూపనవసరం లేదు. ఆ స్థలం మీ పేరుకు ఎందుకు వచ్చిందో ఇప్పుడు ఆలోచించండి. ‘బావ మీద ప్రేమ’ అని మీరు రాశారు. ప్రేమ ఉండవచ్చు, కాదనను. కానీ ఒకరి డబ్బుతో మరొకరి పేరున, అసలు మనిషి లాభం కోసం కొన్న ఆస్తిని చట్టం బినామీ అంటుంది. 1988 నాటి ఈ చట్టానికి తెచ్చిన సవరణలు 2016 నవంబరు 1 నుంచి అమలులో ఉన్నాయి. ఆస్తి జప్తు అవుతుంది, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడవచ్చు, మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా ఉండవచ్చు. డబ్బు పెట్టినవారికే కాదు, పేరు ఇచ్చినవారికీ శిక్షే. కంగారులో మళ్లీ అతని పేరున రాసిచ్చేస్తే పీడ పోతుందని కూడా అనుకోవద్దు. బినామీదారు అసలు యజమానికి ఆస్తిని తిరిగి బదిలీ చేయడాన్ని కూడా ఈ చట్టమే నిషేధిస్తోంది. అందుకని ఈ వారమే ఒక న్యాయవాదిని కలవండి. మామగారి ఇంటికి వచ్చిపోయే న్యాయవాదిని కాదు, మీకంటూ ఒకరిని చూసుకోండి. కాగితాలన్నీ ఆయన ముందు పెట్టి, ఏదీ దాచకుండా చెప్పండి.

కాదని చెప్పడం ఎలా అని అడిగారు. ‘మా ఆడిటర్ ఒప్పుకోవడం లేదు’ అని తప్పించుకుందామన్నారు. అది పనిచేయదు. పెద్ద ఇళ్లలో ఆడిటర్లను మార్చడం ఒక్క ఫోను పని. మీ నోటితో మీరే చెప్పండి. మామగారు ఒంటరిగా ఉన్న వేళ వెళ్లండి, చుట్టూ అనుచరులు ఉన్నప్పుడు వద్దు. నలుగురి ముందు కాదంటే ఆయనకు అది అవమానం అవుతుంది, లోపల ఉన్న మంచి కూడా మూసుకుపోతుంది. ‘మామయ్యగారూ, ఎన్నికల పనుల్లో మీ వెంట తిరగమంటే తిరుగుతాను. స్టోరేజీలు మాత్రం ఏ అప్పుకూ పెట్టను, నా పేరున ఇంకే స్థలమూ వద్దు’ అనండి. అంతకంటే పొడిగించకండి. కారణాలు పెరిగిన కొద్దీ బేరం మొదలవుతుంది.

మీ మనసులో ముల్లులా ఉన్న విషయం ఒకటుంది. రెండో స్టోరేజీ కట్టినప్పుడు మిగతావాళ్లు నెలల తరబడి తిరిగిన కరెంటు లైను మీకు పది రోజుల్లో వచ్చింది. ‘అప్పుడు తీసుకుని ఇప్పుడు కాదంటే కృతఘ్నత కాదా’ అని రాశారు. మీరు ఈ మాట దాచకుండా రాయడం నాకు చాలా నచ్చింది. అప్పుడు తీసుకున్నది తప్పే. దాన్ని తప్పుగానే ఒప్పుకోండి, ఇక మీదట మీ వరుసలో మీరు నిలబడండి. ఆ లైనుకు బదులుగా నాన్నగారు కట్టిన స్టోరేజీని రాసివ్వాలన్న లెక్క మాత్రం ఎక్కడా లేదు.

విలేకరుల సమావేశం ఆలోచన మానుకోండి. ఫిరోజ్ గాంధీని తలచుకున్నారు కాబట్టి ఆయన ఏం చేశారో చూడండి. ఆయన రాయ్‌బరేలీ నుంచి గెలిచిన ఎంపీ. జీవిత బీమా సంస్థ డబ్బు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీలలోకి వెళ్లిన సంగతిని 1957 చివర లోక్‌సభలో లేవనెత్తారు. విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రజల డబ్బు గురించి, తనను ఎన్నుకున్నవారి తరఫున, సభలో మాట్లాడారు. భోజనాల దగ్గర విన్న మాటలను బయటికి మోయలేదు. మీరు చేయబోయేది రెండోది. అయినా ఆ ఇల్లు సుఖంగా లేదు. భార్యాభర్తలు చాలా కాలం వేర్వేరు ఇళ్లలో ఉన్నారు, 1960 సెప్టెంబరులో 48 ఏళ్లు నిండకుండానే ఆయన గుండెపోటుతో పోయారు. మీకు నిజం చెప్పవలసిన చోటు వస్తే, అది అధికారుల ముందు, మీ న్యాయవాది పక్కన ఉండగా. చానల్ వాళ్ల మైకు ముందు కాదు.

నిద్ర లేదన్నారు, ఫోను మోగితే గుండె దడ అన్నారు. ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. మాట్లాడటానికి మనిషి కావాలనిపిస్తే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇప్పుడు మీ భార్య గురించి. ఊరంతా మిమ్మల్ని ‘ఫలానా వారి అల్లుడు’ అంటుందని, మీ పేరు మీకే గుర్తు లేకుండా పోయిందని ఎంత బాధగా రాశారు! నాలుగు పేజీల్లో ఆవిడ పేరు మీరూ రాయలేదు. పుట్టినప్పటి నుంచీ ఆవిడ ‘మంత్రిగారి అమ్మాయి’. మీ ఇంటికి వచ్చాక కూడా అదే. వాళ్లు మిమ్మల్ని అడిగినప్పుడల్లా మీరు కోపం చూపించింది ఆవిడ మీద. మీరు కాదన్నప్పుడల్లా పుట్టింటివాళ్లు నిలదీసేదీ ఆవిడనే అయి ఉంటుంది. ఆవిడ మాట్లాడకపోవడాన్ని మీరు వాళ్ల పక్షం అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ స్థలం సంగతి, అందులో ఉన్న జైలు సంగతి ఆవిడకు ఎవరైనా చెప్పారా? మీరు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

సంతకానికి శుక్రవారం గడువు పెట్టారని రాశారు. మామగారి దగ్గరకు వెళ్లేముందు ఈ ఆదివారం పిల్లలను మీ అమ్మగారి దగ్గర ఉంచి, స్టోరేజీకి ఆవిడను వెంట తీసుకువెళ్లండి. ఆఫీసు గదిలో కూర్చుని కాగితాలు చూపించండి, కరెంటు లైను సంగతితో సహా చెప్పండి. సంతకం చేయాలా వద్దా అని అడగకండి, ఆ భారం ఆవిడ మీద పెట్టవద్దు. చానల్లో మీ పేరు వచ్చిన రాత్రి ఆవిడకు ఎలా గడిచిందో అడగండి. జవాబు రావడానికి చాలాసేపు పట్టవచ్చు, కూర్చోండి.