బరువు చూసే ముందు

చి.ల.సౌ. మేనకోడలికి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

ప్రొద్దుటూరులో మీ వీధి ఆడవాళ్లను కూడగట్టి బరువు తగ్గే బృందం మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల ఇలాంటి పనికి పూనుకున్నందుకు మురిసిపోయాను గానీ, మొదటి ఆదివారమే అందరి బరువులూ చూసి గోడకు పట్టిక అంటిస్తావని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

వారానికి కనీసం 150 నిమిషాల నడక, నూనె తగ్గించడం నీకు తెలిసినవే. మనవాళ్లు బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత తగ్గట్టు ఉందో చెప్పే లెక్క) 23 దాటగానే జాగ్రత్తపడాలి. ఆడవాళ్ల నడుము కొలత 80 సెంటీమీటర్లు మించకూడదు. నెలసరి తప్పుతున్నవారిని ముందు డాక్టరు దగ్గరకు పంపు.

ఇక నా తప్పు విను. అనంతపురం దగ్గర పల్లెలో ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సమ్మగా ఉన్నప్పుడు, వేపచెట్టు కింద అందరి ముందూ ఒకామెను తూకం మిషను ఎక్కించి, "78 కిలోలు! రెండు మూటల శెనక్కాయలున్నావు కదమ్మా, తిండి తగ్గించు" అన్నాను. అందరితో పాటు ఆమె కూడా నవ్వి, పైట నిండుగా కప్పుకొని వెళ్లిపోయింది. మళ్లీ నాలుగేళ్ల దాకా మా గడప తొక్కలేదు. వచ్చిన రోజు కాలికి మానని పుండు, షుగరు 300 పైన.

అప్పుడు గానీ నేను ఆమె ఇంటికి వెళ్లి కూర్చోలేదు. అందరికీ వడ్డించి, మధ్యాహ్నం మూడింటికి, పిల్లలు కంచాల్లో వదిలిన అన్నమంతా ఒక స్టీలు పళ్లెంలోకి ఊడ్చుకొని, పారేస్తే పాపమని తన అన్నంలో కలుపుకొని తింటోంది. రాత్రి భోజనం పది దాటాకే. బోరు ఎండిపోయి చేను పని పోయింది, రోలు పోయి గ్రైండరు వచ్చింది, రాగిసంగటి ఉండే చోట రెండు పూటలా తెల్లన్నం చేరింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యాన్ని నేను తప్పుపట్టను, అది ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది. ఒంటి కష్టం తగ్గినా కంచంలో అన్నం తగ్గలేదంతే. నడవమంటే, "కోడలు పొద్దున్నే రోడ్డెక్కితే నలుగురూ ఏమనుకుంటారు?" అని అత్తగారు అడ్డుపడిందట. పిల్లల ఆపరేషనుతోనే ఒళ్లు వచ్చిందని, ఇక తన చేతిలో ఏమీ లేదని ఆమె నమ్మింది. ఆపరేషను ఒళ్లు పెంచదని చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది చూడు.

మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది అధిక బరువున్నవారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఇంతమందీ తిండిపోతులేనంటావా?

అందుకే ఆ పట్టిక చించెయ్యి. లోపలి గదిలో ఒక్కొక్కరినే చూసి, ఎవరి బరువు వాళ్ల పుస్తకంలోనే వ్రాయి. నిన్న ఎన్నింటికి తిన్నారో, ఎవరి ఎంగిలి తిన్నారో ముందు అడుగు. కోడళ్ల కంటే ముందు అత్తలను పిలువు. కుళాయి నీళ్ల వేళ నడక పెట్టకు, ఎవరూ రారు.

నువ్వేమో పొద్దున టిఫిను మానేసి టీతో గడుపుతున్నావట! ఊరికి చెప్పే నోరు ముందు తినాలి కదమ్మా, నీరసపడితే నిన్ను చూసేదెవరు?

వచ్చే నెల నేనే వస్తాను. అందరికంటే ముందు నన్ను మిషను ఎక్కించు. 71 ఉంటాను, నాది మాత్రం గట్టిగా చదువు.

మీ అత్త