పిల్లల మోకాలికి అల్ట్రాసౌండ్ థెరపీ పెట్టిస్తే ఎదుగుదల ఆగిపోతుందా?

మీ 12 ఏళ్ల బాబుకి మోకాలిచిప్ప కింద నొప్పని ఫిజియో అల్ట్రాసౌండ్ పెడతానన్నారు, ఎముక ఎదగడం ఆగిపోతుందేమో అని అడిగారు కదా. రెండేళ్ల కింద మేమూ ఇదే టెన్షన్ పడ్డాం.

మావాడిది బ్యాడ్మింటన్ పిచ్చి. చిప్ప కింద రేగిపండంత గడ్డ లేచింది, మోకాళ్ల మీద కూర్చోలేకపోయేవాడు. ఇంటి దగ్గర క్లినిక్‌లో జెల్ రాసి మిషన్ పెట్టడం మొదలుపెట్టారు. మూడో రోజు అక్కడి ఫిజియోకి ఫోనొచ్చింది, ఒక చేత్తో ఫోను, రెండో చేత్తో మిషన్ హెడ్డు కదపకుండా గడ్డ మీదే పెట్టి మాట్లాడుతున్నాడు. పైన చర్మం వెచ్చగా కూడా లేదు, కానీ "లోపల ఎముక సలుపుతోంది నాన్నా" అని వీడు కాలు లాక్కున్నాడు. అంతే, లేచి వచ్చేశాం.

ఎముకల డాక్టర్ చెప్పాక అర్థమైంది. ఈ తరంగాల్ని కండ కంటే ఎముక చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది, హెడ్డు ఒకేచోట ఆపితే ఎముక పైపొర వేడెక్కి ఆ సలుపు వస్తుంది. పైగా పిల్లల్లో సరిగ్గా అక్కడే ఎదిగే మృదులాస్థి ఉంటుంది. జంతువుల మీద చేసిన పాత ప్రయోగాల్లో ఎక్కువ పవర్‌తో ఆపకుండా పెట్టినప్పుడు ఆ ఎదిగే మృదులాస్థి పొర (గ్రోత్ ప్లేట్) దెబ్బతింది, అందుకే ఎదిగే ఎముక చివర్ల మీద జాగ్రత్త అని ఫిజియోలకి చదువులోనే చెప్తారు. విరిగిన ఎముక అతకడానికి వాడే అల్ట్రాసౌండ్ ఒకటుంది, దాని పవర్ చదరపు సెంటీమీటరుకి 30 మిల్లీవాట్లే, ఫిజియో మిషన్‌లో మామూలుగా పెట్టే 1 వాట్ దానికి 30 రెట్ల పైమాటే. అంత తక్కువ పవర్‌దానికి కూడా 1994లో అమెరికాలో అనుమతిచ్చింది ఎదుగుదల పూర్తయిన ఎముకలకే. (కడుపు స్కానింగ్ వేరే సంగతి, దానికీ దీనికీ ముడిపెట్టి భయపడకండి.)

ఇప్పటికే రెండు మూడు సిట్టింగులు అయిపోయి ఉంటే కంగారేం వద్దు, హెడ్డు కదుపుతూ తక్కువ పవర్‌తో పెట్టిన దానికి కాలు పొట్టిదైపోదు. నేననేది, ఈ నొప్పికి అసలు ఆ మిషన్ అవసరమే లేదని. మావాడిది ఆస్గుడ్ ష్లాటర్ అనే మోకాలి సమస్య అన్నారు, ఎదిగే వయసులో గెంతే పిల్లలకి వచ్చేదే. గెంతడం తగ్గించి, ఆట అయ్యాక ఐసు పెట్టి, రోజూ తొడ ముందు కండరానికి స్ట్రెచింగ్ చేయించాం, నాలుగైదు నెలలకి మళ్లీ కోర్టుకెళ్లాడు. గడ్డ మాత్రం గట్టిగా అలాగే ఉంది, నొప్పి లేదు. మీవాడిని ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి, నొప్పి దీనివల్లేనా ఇంకేమైనా ఉందా అన్నది ఆయన తేల్చాలి.