ఉప్పునీటి తొట్టి, గోదావరి నీళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకొని సముద్రపు చేపలనూ పగడాలనూ పెంచాలనుకుంటున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి జిల్లాల నుంచే వచ్చాయి. చెరువు నీటి రంగు చూసి రొయ్య ఆరోగ్యం చెప్పగల ప్రాంతం కావడం వల్ల కాబోలు, ప్రశ్నలన్నీ నీటి చుట్టూనే తిరిగాయి. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అంతర్వేది సముద్రం మాకు దగ్గరే. వారానికి రెండు టిన్నుల సముద్రపు నీరు తెచ్చి పోసుకుంటే సరిపోదా? అంత ఖరీదు పెట్టి ఉప్పు కొనడం దేనికి? (ఒక పాఠకుడు, రాజోలు)

జవాబు: సరిపోదండి. మన దేశంలో పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖలోనూ, పాక్ అఖాతంలోనూ, కచ్ సింధుశాఖలోనూ, లక్షదీవుల్లోనూ, అండమాన్ నికోబార్ దీవుల్లోనూ పెరిగాయి గాని గోదావరి పాయలు సముద్రంలో కలిసేచోట పెరగలేదు. నది మోసుకొచ్చే మంచినీరూ ఒండ్రూ రెండూ పగడానికి పడవు. పగడం కోరుకునే నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి, ఆ అంకె రోజురోజుకూ మారకుండా నిలవాలి. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చిన తరువాత వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోట నిలబడి చూస్తే బురదరంగు నీరు సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోవడం మీకే కనిపిస్తుంది. ఆ రోజుల్లో అక్కడ ముంచిన నీటిలో ఉప్పు ఎంత ఉంటుందో పోటు, పాటు, వరద కలిసి నిర్ణయిస్తాయి. ఆ ఎర్రనీటి వాసనకే పులస సముద్రం విడిచి ఏటికి ఎదురీదుతుంది. పులసకు పిలుపైన నీరు పగడానికి మాత్రం ప్రాణాంతకం.

వేసవిలో నీరు తేటగా, ఉప్పగా ఉన్నప్పుడు తెచ్చుకుంటానని మీరు అనవచ్చు. కాని డ్రెయిన్ల గుండా పొలాల ఎరువులూ, చెరువులు శుభ్రం చేసిన బ్లీచింగ్ నీరూ చివరకు చేరేది ఆ తీరానికే. రొయ్యపిల్లలను పుట్టించే హేచరీల వారు సముద్రపు నీరే వాడుతున్నారన్నది నిజమే, అయితే వారు దానిని ఇసుక పొరల గుండా వడకట్టి, రోగక్రిములు చచ్చేలా శుద్ధి చేసిన తరువాతే తొట్లలోకి వదులుతారు. ఇంటి మేడ మీద ఆ పని చేయడం కంటె ఆర్‌వో నీటిలో సముద్రపు తొట్ల కోసమే అమ్మే అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే చవక. ఒక్క జాగ్రత్త మరవకండి. మనం తాగే నీటి ఆర్‌వో యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. దానిని మూసివేయించి, టీడీఎస్ మీటరులో అంకె సున్నాకు దగ్గరగా వచ్చిన నీటినే వాడండి. లీటరుకు 35 నుంచి 38 గ్రాముల ఉప్పు వేసి, విడిగా ఒక డ్రమ్ములో చిన్న పంపుతో ఒక రోజంతా తిప్పాలి. జీవులున్న తొట్టిలో ఉప్పును నేరుగా వేయకూడదు.

ప్రశ్న: సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిన కళ్లుప్పునే మళ్లీ నీటిలో కలిపితే సముద్రపు నీరే అవుతుంది కదా? (ఒక పాఠకురాలు, నరసాపురం)

జవాబు: ఈ ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే తర్కంలో తప్పు కనిపించదు. తప్పంతా ఉప్పుమడిలో ఉంది. సముద్రపు నీరు మడిలో ఇగిరేకొద్దీ అందులోని లవణాలు ఒకేసారి అడుగుకు దిగవు. ముందు కాల్షియం కార్బొనేటు, తరువాత జిప్సం దిగిపోతాయి, ఆ పిమ్మట మనం కూరల్లో వేసుకునే సోడియం క్లోరైడు గడ్డ కడుతుంది. మెగ్నీషియంలో చాలా భాగం చివరగా మిగిలే చేదునీటితో బయటకు పోతుంది. అందుచేత కళ్లుప్పు సముద్రంలో ఒక భాగమే తప్ప సముద్రమంతా కాదు. పగడాల తొట్టిలో కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు), మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం దాకా ఉండాలి. అవి రెండూ కళ్లుప్పుతో రావు.

ప్రశ్న: ఒక దుకాణదారు తెల్లని పగడపు రాళ్లు, "లైవ్ రాక్" (జీవులతో సహా సముద్రంలోంచి తీసిన పగడపు రాయి) కూడా అమ్ముతానంటున్నారు. తీసుకోవచ్చునా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: తీసుకోవద్దు. దిబ్బలు కట్టే రాతి పగడాల జాతులన్నింటినీ, నల్ల పగడాలనూ, విసనకర్రల్లా పరచుకొనే సీ ఫ్యాన్లనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ షెడ్యూలులో పులి ఉన్నచోటే పగడమూ ఉంది. ప్రాణం పోయి తెల్లబడిన పగడపు ముక్కకు కూడా ఆ రక్షణ వర్తిస్తుంది కనుక, తీర్థయాత్రకు వెళ్లి ముచ్చటపడి కొని తెచ్చుకున్న ముక్క సైతం చిక్కు తెచ్చిపెట్టగలదు. సముద్రపు గుర్రాలకూ ఇదే మాట వర్తిస్తుంది.

తొట్టిలో రాళ్లు అవసరమే, కాని అవి అందానికి మాత్రమే కాదు. రాతి రంధ్రాల్లో స్థిరపడే బాక్టీరియాయే నీటిని శుభ్రపరుస్తుంది. ఆ పనికి చిల్లులున్న సిరామిక్ రాళ్లు చక్కగా పనికివస్తాయి. జీవుల విషయానికి వస్తే, పెంపకంలో పుట్టినవని రాతపూర్వకమైన బిల్లు ఇవ్వగలిగినవారి దగ్గర మెత్తని పగడాలతో, అంటే తోలు పగడం, పుట్టగొడుగు పగడం వంటివాటితో, మొదలుపెట్టండి. బిల్లు అడిగితే మొహం చాటేసే దుకాణంలో చేప కూడా కొనవద్దని నా సలహా. క్లౌన్ చేపలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు తమిళనాడులోని మండపంలోనూ కేరళలోని విళింజంలోనూ గుడ్ల దశ నుంచి పెంచి చూపించారు కాబట్టి, పెంపకపు పిల్లలు దొరకవనే సాకు ఇప్పుడు చెల్లదు.

ప్రశ్న: నేను వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నాను. అమ్మోనియా, ఆల్కలినిటీ (క్షారత), సాలినిటీ (లీటరు నీటిలో ఉప్పు గ్రాములు) పరీక్షలు నాకు కొత్త కాదు. చెరువుకు వాడే ప్రోబయోటిక్, మినరల్సు తొట్టికి కూడా వాడవచ్చునా? (ఒక ఆక్వా రైతు, భీమవరం)

జవాబు: మీకు సగం విద్య వచ్చినట్టే, అయితే మిగిలిన సగం నేర్చుకోవాలంటే చెరువు అలవాట్లు కొన్ని మరచిపోవాలి. చెరువులో నీరు పచ్చగా, ప్లాంక్టన్‌తో కళకళలాడాలని కోరుకుంటారు. పగడాల తొట్టిలో నీరు పేదగా ఉండాలి. నైట్రేటు 10 పీపీఎంకు లోపల, ఫాస్ఫేటు 0.1 పీపీఎంకు లోపల నిలబెట్టాలి, లేకపోతే రాళ్ల మీద పాచి పట్టి పగడాన్ని కప్పేస్తుంది.

చెరువు ప్రోబయోటిక్కులలో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ జాతి. అది అడుగున చేరిన మేతనూ మడ్డినీ కుళ్లబెట్టి తింటుంది. తొట్టికి ముందుగా కావలసినవి అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే వేరే బాక్టీరియాలు, అవి చాలా నిదానంగా పెరుగుతాయి. రాళ్లూ ఉప్పునీరూ సిద్ధమైన తరువాత చేపలు వేయకుండా, 2 పీపీఎం వచ్చేలా కొద్దిగా అమ్మోనియా కలిపి రోజూ పరీక్షించండి. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో సున్నాకు దిగి, నైట్రైటు కూడా సున్నా చూపిన రోజున తొట్టి తయారైనట్టు లెక్క. దీనికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. సీడ్ (రొయ్యపిల్లలు) వేసే తేదీ ముందే ఖాయం చేసుకొనే అలవాటున్న మీకు ఈ నిరీక్షణే కష్టమవుతుందేమో.

ఆల్కలినిటీ కొలతలో ఒక తికమక ఉంది. మీరు పీపీఎంలో చూస్తారు, అక్వేరియం కిట్లు డీకేహెచ్‌లో చూపిస్తాయి. 1 డీకేహెచ్ అంటే సుమారు 17.9 పీపీఎం. తొట్టికి కావలసిన 8 నుంచి 9 డీకేహెచ్ అంటే 143 నుంచి 161 పీపీఎం అన్నమాట. మెత్తని పగడాలే ఉన్న తొట్టిలో పదిహేను రోజులకొకసారి పదోవంతు నీరు మార్చితే ఈ అంకె దానంతటదే నిలుస్తుంది కనుక మినరల్సు బస్తా విప్పవలసిన పనిలేదు. అయినా తగ్గుతూ ఉంటే మన పెద్దలకు తెలిసిన సున్నపుతేటే మందు. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడును ఆర్‌వో నీటిలో లీటరుకు గ్రామున్నర చొప్పున కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేటను మాత్రం తీసి, రాత్రిపూట సెలైన్ బొట్లలా నిదానంగా తొట్టిలోకి వదలాలి. ఘాటైన క్షారం కనుక గబుక్కున పోస్తే పీహెచ్ ఎగిరిపోతుంది. తాంబూలంలో వేసుకునే సున్నంలో ఏమేమి కలిసి ఉంటాయో తెలియదు, దానిని తొట్టి దరికి రానివ్వకండి.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక బకెట్ల గురించి. చెరువు నాచుకు మైలుతుత్తం (రాగి లవణం) కలిపిన బకెట్టును ఎన్నిసార్లు కడిగినా తొట్టికి వాడవద్దు. చేప తట్టుకొనే రాగి మోతాదు కూడా పగడాన్నీ తొట్టిలోని చిన్న రొయ్యనూ చంపుతుంది.

ప్రశ్న: మే నెలలో మా హాలులో తొట్టి నీరు 32 డిగ్రీలకు చేరింది. పగడం తెల్లబడుతోంది. ఫ్యాను పెడితే చాలా, నీటిని చల్లబరిచే చిల్లర్ కొనాలా? (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: పగడపు కండలో కంటికి కనపడనంత సూక్ష్మమైన శైవలాలు నివసిస్తూ, వెలుతురుతో ఆహారం వండి దానికి పెడతాయి. పగడానికి రంగు ఎక్కువగా వాటి వల్లనే వస్తుంది. వేడి మితిమీరితే పగడం వాటిని బయటకు తోసేసి తెల్లబడుతుంది, అంటే మీరు చూస్తున్నది ఆకలికి ముందు మెట్టు. వెంటనే వేడి తగ్గిస్తే కోలుకొనే అవకాశం ఉంది. తొట్టి నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి మీద ఫ్యాను గాలి ఆవిరి చేసి చల్లబరుస్తుంది గాని, కోనసీమ ఉక్కపోతలో గాలిలో తేమ నిండి ఉంటుంది కనుక అది ఆశించినంత పనిచేయదు. చిల్లర్ కొనక తప్పదు. దాని వేడిగాలి అదే గదిలోకి రాకుండా వరండా వైపు పెట్టించండి.

ఫ్యాను ఉన్నా లేకున్నా నీరు ఇగురుతుంది, ఉప్పు ఇగరదు. 200 లీటర్ల తొట్టిలో 10 లీటర్లు ఆవిరైతే 35 ఉన్న సాలినిటీ దాదాపు 37కు చేరుతుంది. ఇగిరిన మేరకు ఉప్పు లేని ఆర్‌వో నీరే పోయాలి. ఈ పాఠం నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒకసారి పెళ్లికి ఊరు వెళ్తూ పక్కింటి కుర్రవాడికి రోజూ నాలుగు లీటర్లు పోయమని చెప్పాను. పక్కపక్కన ఒకేలాంటి టిన్నులు రెండుంటే పాపం అతడు ఉప్పునీటి టిన్నులోంచి పోశాడు. అయిదు రోజుల తరువాత తిరిగివచ్చేసరికి సాలినిటీ 38 దాటింది, వేళ్లు చాచి ఊగే తోలు పగడం పిడికిలి బిగించినట్టు ముడుచుకొని ఉంది. సాలినిటీని మూడు రోజుల పాటు కొద్దికొద్దిగా దించవలసివచ్చింది. ఆనాటి నుంచి ఉప్పునీటి టిన్ను చెవికి ఎర్రతాడు కట్టి ఉంచుతున్నాను.

ప్రశ్న: మా తొట్టిలో చేపకు వైట్ స్పాట్ వచ్చింది. చెరువులోంచి వచ్చిందేమోనని భయంగా ఉంది. (ఒక పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: పేరు ఒకటే గాని జబ్బు వేరు. రొయ్యకు వచ్చే వైట్ స్పాట్ వైరస్. మీ చేప ఒంటి మీద రవ్వ చల్లినట్టు కనిపించేది క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి కావచ్చు, అది కొత్త చేపతోనే ఇంటికి వచ్చి ఉంటుంది. చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి అక్కడ రాగి మందుతో వైద్యం చేయించండి. పగడాలున్న తొట్టిని చేప లేకుండా 11 వారాలు వదిలేస్తే పరాన్నజీవి ఆకలితో నశిస్తుంది. ఇకముందు కొన్న చేపను నెల రోజులు వేరుగా ఉంచనిదే లోపల వేయకండి. చెరువు రొయ్యను పచ్చిగా మేతగా కూడా వేయకండి, ఎందుకంటే ఆ వైరస్ తొట్టిలోని రొయ్యలకూ పీతలకూ సోకగలదు.

ప్రశ్న: ఎనిమోన్ (క్లౌన్ చేప దాగే పువ్వులాంటి సముద్రజీవి) లేకుండా క్లౌన్ చేప బతుకుతుందా? (ఒక విద్యార్థిని, తణుకు)

జవాబు: హాయిగా బతుకుతుంది. రాతి మూలనో తోలు పగడాన్నో ఇల్లు చేసుకుంటుంది. చిన్నవి రెండు వేస్తే పెద్దదయ్యేది ఆడదిగా మారుతుంది.

ప్రశ్న: తుఫాను రోజుల్లో కరెంటు పోతే తొట్టిని ఎలా కాపాడుకోవాలి? (ఇద్దరు పాఠకులు, యానాం, కాట్రేనికోన)

జవాబు: 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను మీ ప్రాంతంలోనే తీరం దాటింది కనుక ఈ ప్రశ్నకు మీకంటె అర్హులు లేరు. దీపం, చిల్లర్, మురికిని నురగగా తీసే స్కిమ్మర్ ఒక రోజు ఆగినా జీవులు ఓర్చుకుంటాయి. నీరు కదలకపోతే మాత్రం గంటల్లోనే ప్రాణవాయువు తగ్గి ముందు చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. చెరువులో ఏరేటర్లు ఆగిన రాత్రి మీరు పడే ఆదుర్దాయే ఇక్కడా పడాలి. 12 వోల్టుల డీసీ వేవ్‌మేకర్‌ను (నీటిని కదిలించే పంపును) పాత బ్యాటరీకి తగిలించి ఉంచుకుంటే ఒక రాత్రి గడుస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు రెండు అదనంగా ఇంట్లో ఉండాలి. అవీ లేనప్పుడు చెంబుతో నీటిని ముంచి అడుగు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండవలసిందే, పావుగంటకొకసారి, ఇంట్లో వాళ్లు వంతులు వేసుకొని. కరెంటు వచ్చేదాకా మేత వేయకండి. వచ్చిన తరువాత, మూత బిగించిన ఫిల్టరు ఉంటే అందులో నిలిచిపోయిన నీరు విషంగా మారి ఉంటుంది కాబట్టి, దానిని పారబోసి, స్పాంజిని తొట్టిలోంచి తీసిన ఉప్పునీటితో కడిగిన తరువాతే స్విచ్చి వేయండి.