మూడు రిపోర్టులూ నెగెటివే, అయినా అక్క పాపని ఎత్తుకోలేకపోతున్నా

ప్రశ్న: (చాలా పెద్ద లెటర్, కుదించి పెడుతున్నా) నాకు 27, మాది మదనపల్లి దగ్గర, బెంగళూరులో జాబ్, మారతహళ్ళి పీజీలో ఉంటా. ఆఫీసులో ఒకతనితో రెండేళ్ళు రిలేషన్‌లో ఉన్నా, విడిపోయాక తెలిసింది అతనికి వేరేవాళ్ళతో కూడా ఉందని. అదే వారంలో నాకు కింద మంట, ఎర్రగా అయింది. గూగుల్ చేస్తే హెర్పిస్ (సెక్స్ వల్ల కూడా అంటుకునే వైరస్ జబ్బు) అని వచ్చింది. గైనకాలజిస్ట్ చూసి పొక్కులేం లేవు, ఫంగల్ ఇన్ఫెక్షన్ అని క్రీమ్ ఇచ్చారు, తగ్గింది. హెచ్ఐవీ, సిఫిలిస్ నెగెటివ్. హెర్పిస్ ఐజీజీ (వైరస్ మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ కోసం చేసే బ్లడ్ టెస్ట్) నెలన్నరకి, నాలుగు నెలలకి, ఎనిమిది నెలలకి చేయించా, మూడూ నెగెటివే, కానీ నంబర్ 0.18 నుంచి 0.31 అయ్యి మళ్ళీ 0.24 అయింది, మధ్యలో ఒకసారి ఐజీఎం (ఇంకో రకం యాంటీబాడీ టెస్ట్) బోర్డర్‌లైన్ వచ్చింది. రోజూ రాత్రి ఫోన్ టార్చ్ వేసుకుని అద్దంలో చూసుకుంటా. బకెట్, మగ్గు వేరే పెట్టుకున్నా. ఉగాదికి ఊరెళ్తే అక్క మూడు నెలల పాపని చేతికివ్వబోతే జలుబు అని అబద్ధం చెప్పి దూరంగా కూర్చున్నా, అక్క చాలా ఫీలైంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నేను చేసిన తప్పుకి ఇది శిక్షేమో మేడం. అమెరికాలో చేసే వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీలని ఇంకోసారి నిర్ధారించే) టెస్ట్‌కి బ్లడ్ పంపొచ్చా? పెళ్ళికొడుక్కి ముందే చెప్పాలా?

జవాబు: తల్లీ, నువ్వు అంటున్నా ఏమనుకోకు, నా కూతురి ఈడుదానివి. ముందు టెస్ట్ సంగతి తేల్చేద్దాం, అది తేలకుండా నేనెంత మాట్లాడినా నీ చెవికెక్కదు. నీకు ఇంకే టెస్టూ అక్కర్లేదు. ల్యాబ్ వాళ్ళ దగ్గర లేక కాదు, యాప్‌లో నొక్కితే రేపు ఆరింటికల్లా పీజీ గేటు దగ్గర సిరంజి పట్టుకుని అబ్బాయి నిలబడతాడు, ఆఫర్ కూడా ఇస్తారు. ఈ ఎస్‌టీడీ (సెక్స్ వల్ల అంటుకునే జబ్బుల) ప్యానెల్ ఆఫర్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, నీలాంటి పిల్లల భయం మీదే వాళ్ళ వ్యాపారం.

ఎందుకు అక్కర్లేదో చెప్తా. హెర్పిస్ వైరస్ ఒంట్లోకి వస్తే, పుండ్లు వచ్చేవాళ్ళకి మామూలుగా రెండు నుంచి పన్నెండు రోజుల్లో వస్తాయి, చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి పగిలి పుళ్ళవుతాయి, యూరిన్‌కి వెళ్తే ప్రాణం పోయినంత మంట, చాలామందికి జ్వరం, గజ్జల్లో బిళ్ళలు కూడా. నీకు మంట ఉన్నప్పుడే డాక్టర్ కళ్ళారా చూసి పొక్కుల్లేవన్నారు, ఫంగల్ మందుకి తగ్గింది. ఇక బ్లడ్‌లో ఐజీజీ తయారవడానికి టైం పడుతుంది కాబట్టి నెలన్నరకి చేసింది తొందరపాటే, అది వదిలెయ్. కానీ పన్నెండు నుంచి పదహారు వారాలు దాటితే ఆ టెస్ట్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు, నువ్వు ఎనిమిది నెలలకి కూడా చేయించావు. 0.18, 0.31, 0.24 అని గ్రాఫ్ గీసుకున్నా అన్నావు చూడు, అక్కడ నాకు నిజంగా బాధేసింది. చాలా ల్యాబుల్లో 0.9 లోపు ఏదొచ్చినా నెగెటివే, ఆ లోపల నంబర్ పెరగడం తగ్గడం జబ్బు పెరగడం తగ్గడం కాదు, అదే బ్లడ్ ఇంకో రోజు ఇంకో మెషిన్‌లో పెడితే ఇంకో నంబర్ వస్తుంది, అంతే. ఐజీఎం సంగతైతే అసలు పట్టించుకోకు, హెర్పిస్‌కి ఆ టెస్ట్ మీద ఆధారపడొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళే చెప్తారు, హెర్పిస్ వైరస్‌లో టైప్ 1, టైప్ 2 అని రెండు రకాలుంటే అందులో ఏదో కూడా అది తేల్చదు, మన దగ్గర ప్యాకేజీల్లో ఇంకా ఎందుకు పెడతారో మరి. నువ్వడిగిన వెస్టర్న్ బ్లాట్, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేసేది, ఐజీజీ పాజిటివ్ గీతకి కొంచెం పైన వచ్చి అది నిజమా కాదా అని తేలనివాళ్ళకి పనికొస్తుంది. నీది గీతకి దరిదాపుల్లో కూడా లేదు.

ఇప్పుడు నువ్వేమంటావో నాకు తెలుసు, మరి నూటికి నూరు శాతం లేదని చెప్పగలరా మేడం అని. చెప్పలేను. ఏ డాక్టరూ చెప్పలేడు, ఈ టెస్టులు కొంతమందిలో మిస్సవుతాయి కూడా, నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ చూడు, ఆ మిగిలిన ఒక్క పిసరు అనుమానం కోసం నువ్వు ఎనిమిది నెలల జీవితం ధారపోశావు. ఇంకో టెస్ట్ చేయిస్తే ఏమవుతుంది, రిపోర్ట్ వచ్చిన రోజు హాయిగా ఉంటుంది, మూడో రోజుకి శాంపిల్ మార్చేశారేమో అనిపిస్తుంది, నువ్వే రాశావు రెండోసారి అలాగే అయిందని. దురద గోకినకొద్దీ పెరిగినట్టే ఇది, టార్చ్ వేసి చూసిన ప్రతిసారీ ఆ నిమిషానికి భయం తగ్గుతుంది కాబట్టి మనసు దానికి అలవాటు పడి మళ్ళీ చూడమంటుంది. పైగా రోజూ అంత దగ్గర్నుంచి చూస్తే ఎవరి ఒంటి మీదైనా ఏదో ఒకటి కనపడుతుంది, వెంట్రుక కుదురు దగ్గర గుల్ల, వ్యాక్సింగ్ వల్ల కందిన చోటు, పుట్టినప్పట్నుంచీ ఉన్న చిన్న చిన్న బుడిపెలు. ఇంకోటి, రోజుకి రెండుసార్లు డెట్టాల్ నీళ్ళతో కడుక్కుంటున్నా అని ఎక్కడో మధ్యలో ఒక లైన్ రాశావు, అదేదో మంచి అలవాటన్నట్టు! ఇప్పటికీ అప్పుడప్పుడు వచ్చే మంటకి సగం కారణం అదే అయ్యుండొచ్చు. ఈ రోజు నుంచే ఆపెయ్, మామూలు నీళ్ళు చాలు.

బకెట్, మగ్గు, టవల్, టాయిలెట్ సీటు, వీటివల్ల హెర్పిస్ రాదు, నిజంగా జబ్బు ఉన్నవాళ్ళకి కూడా అవి వేరే పెట్టుకోమని ఎవరూ చెప్పరు. పాప విషయంలో నీ భయం ఎక్కడ్నుంచి వచ్చిందో అర్థమైంది, పెదవి మీద పుండు ఉన్నవాళ్ళు చంటిపిల్లల్ని ముద్దుపెట్టుకోకూడదు, మొదటి నెలన్నరలో అయితే మరీ ప్రమాదం, ఇది నిజమే. కానీ నీకు పుండూ లేదు, రిపోర్టులో వైరస్సూ లేదు. చేతులు కడుక్కుని పాపని ఒళ్ళో వేసుకోవడానికి నీకేం అడ్డం లేదమ్మా. అక్కకి అసలు కథంతా చెప్పాలని లేదు, చెప్పే ధైర్యం ఉంటే సరే, లేకపోతే ఫోన్ చేసి "అప్పుడు హెల్త్ గురించి ఏదో టెన్షన్‌లో ఉన్నానక్కా, పాప మీద ఇష్టం లేక కాదు" అను, అక్కచెల్లెళ్ళ మధ్య ఆ మాత్రం చాలు.

శిక్ష అన్నావు, దాని దగ్గర కొంచెం ఆగుతా, ఎందుకంటే నీ లెటర్‌లో హెర్పిస్ అనే మాట కన్నా తప్పు అనే మాటే నాకు గట్టిగా వినపడింది. డబ్ల్యూహెచ్ఓ 2020 లెక్క ప్రకారం 50 ఏళ్ళ లోపు జనంలో 64 శాతం మందికి, అంటే దాదాపు 380 కోట్ల మందికి టైప్ 1 ఉంది, అందులో చాలామందికి చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళ ముద్దుల వల్లో ఎంగిళ్ళ వల్లో వచ్చింది, జ్వరం వచ్చినప్పుడు పెదవి మూల లేచే పొక్కులు ఎక్కువగా దానివే. టైప్ 2 కూడా 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 52 కోట్ల మందికి ఉంది, ఎక్కువమందికి ఉన్నట్టే తెలీదు. వీళ్ళందరూ ఏ తప్పు చేశారంటావ్, పెళ్ళై మొగుడు తప్ప ఇంకో మొహం చూడని ఆడవాళ్ళు కూడా ఉంటారు అందులో. ఒకవేళ రేపు నీకు ఉందనే తేలినా అది మందులున్న జబ్బు, పూర్తిగా పోదు గానీ ఎసైక్లోవిర్ లాంటి వాటితో అదుపులో ఉంటుంది, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్‌కి ముందే చెప్తే వాళ్ళు చూసుకుంటారు. నిన్ను మోసం చేసింది అతను, దెబ్బ తిన్నది నువ్వు, మళ్ళీ శిక్ష కూడా నీకేనా? ఆ కోపం అతని మీద చూపించే దారిలేక నీ ఒంటి మీదకి తిప్పుకున్నావేమో అని నా అనుమానం, ఏడుపొస్తే ఏడువు, తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ అతని మోసానికి నీ బ్లడ్ రిపోర్టులో సాక్ష్యం వెతకొద్దు.

పెళ్ళికొడుకు విషయం చిన్నదే. ఏ డాక్టరూ, ఏ టెస్టూ ఉందనని జబ్బు గురించి చెప్పాల్సిన పనిలేదు. పాత రిలేషన్ గురించి చెప్పాలా వద్దా అన్నది వేరే సంగతి, అది మనిషిని చూసి నువ్వు నిర్ణయించుకోవాల్సింది, దాన్ని దీన్ని కలపకు. పెళ్ళికి ముందు ఇద్దరూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ టెస్టులు చేయించుకుందాం అని అడగడం మాత్రం మంచిదే, ఇద్దరూ, నువ్వొక్కదానివే కాదు. లిస్టులో హెర్పిస్ ఇరికించకు, లక్షణాలు లేనివాళ్ళకి ఆ టెస్ట్ చేయమని సీడీసీ కూడా చెప్పదు.

మరి ఏం చెయ్యాలి అంటే, ల్యాబ్ యాప్ తీసెయ్, గ్రాఫ్ చింపెయ్. అద్దం ఒక్కసారిగా మానడం కష్టం, రాత్రి చూడాలనిపించినప్పుడు పావుగంట ఆగి చూడు, తర్వాత అరగంట, చాలాసార్లు ఆ టైంకి ఆ తహతహ దానంతటదే దిగిపోతుంది. "ఉందేమో" అని మనసు గోల పెడితే లేదు లేదు అని వాదించకు, వాదిస్తే అది ఇంకో పాయింట్ తెస్తుంది, ఉంటే ఉంది పో అనేసి చేసే పని చేసుకో. హెర్పిస్ ఫోటోల జోలికి అస్సలు పోకు, అక్కడ పెట్టేవన్నీ బాగా ముదిరిన కేసులే. ఎప్పుడైనా నిజంగా నీటి పొక్కో పుండో వస్తే, అద్దం అక్కర్లేకుండా నొప్పితో నీకే తెలుస్తుంది, అప్పుడు ఎండిపోకముందే ఒకటి రెండు రోజుల్లో స్కిన్ డాక్టర్ దగ్గరకెళ్తే పుండు నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ (వైరస్‌నే నేరుగా వెతికే టెస్ట్) చేస్తారు, అది అప్పటి మాట.

ఇవి ఒక మూడు నాలుగు వారాలు చేసి చూసినా తగ్గకపోతే సైకియాట్రిస్ట్‌ని కలువు, ఈ రకం భయానికి సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల వైద్యం) థెరపీ బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులు కూడా ఇస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వారంలోనే మానేసి నాకు పడలేదు అనొద్దు. లెటర్ చూసి నీకు ఓసీడీ (అదే అనుమానం, అదే పని మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక సమస్య) అనో ఇంకోటనో నేను పేరు పెట్టను, కానీ నువ్వుండే ఊళ్ళోనే హోసూర్ రోడ్డు మీద నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య ఆసుపత్రి ఉంది, ఓసీడీకి వాళ్ళ దగ్గర వేరేగా క్లినిక్కే ఉంది, తెలుగువాళ్ళు అనంతపురం, చిత్తూరు నుంచి బస్సెక్కి అక్కడికి వస్తుంటే నీకు పక్కనే. అర్ధరాత్రి తట్టుకోలేనట్టు అనిపించినా, చచ్చిపోవాలనే ఆలోచనలు వచ్చినా ఆగకుండా టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 కి ఫోన్ చెయ్, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టర్ దగ్గరకెళ్ళేటప్పుడు ఆ రిపోర్టుల ఫైల్ మొత్తం మోసుకెళ్ళకు, వెళ్తే అరగంటా నంబర్ల గురించే మాట్లాడతావు. ఒక కాగితం మీద రోజుకి ఎన్నిసార్లు చెక్ చేస్తున్నావు, ఎంతసేపు గూగుల్ చేస్తున్నావు, దీనివల్ల ఏమేం మానేశావు, ఇవి రాసుకుని వెళ్ళు, డాక్టర్‌కి కావాల్సింది అదే.