అక్క దాచుకున్న మాట

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. అమ్మానాన్నలు మట్టిపనికి ముంబై వలస పోతే, అక్క ఏడో తరగతితో బడి మానేసి, నాయనమ్మ దగ్గర ఉండి నన్ను సాకింది. ఆ బాల్యాన్ని కథగా రాశాను, పత్రికలో అచ్చయింది. నా గురుకులం ప్రవేశ పరీక్ష ఫీజు కోసం అక్క నాయనమ్మ సందుగలో డబ్బు తీసిన సంగతి అందులో ఉంది. పేర్లు మార్చినా అక్క నాతో మాట్లాడటం లేదు, రాఖీకి రాలేదు. దాన్నే నవలగా పెంచుతున్నాను. అక్క గొప్పతనం చెప్పడం తప్పా?

జవాబు: మీ ప్రేమను నేను శంకించడం లేదు. అయితే పేర్లు మార్చినంత మాత్రాన ఊరు పోల్చుకోకుండా ఉండదు. ఏ వయసులో, ఎంత భయపడుతూ ఆమె ఆ డబ్బు తీసిందో తెలియని అత్తగారింటివారి నోట ఆ మాట ఎలా మారుతుందో మీరు ముందే ఆలోచించవలసింది.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీ నవల ‘పథేర్ పాంచాలి’ (1929)లో, అక్క దుర్గ ఏ వస్తువు దొంగిలించిందని నింద మోసిందో, ఆమె చనిపోయాక అది తమ్ముడు అపు కంటపడుతుంది. వాడు ఎవరికీ చెప్పకుండా దాన్ని దూరంగా విసిరేస్తాడు. ఆ పిల్లవాడు పెద్దవాడైంది అక్కడేనని నాకు అనిపిస్తుంది. రచయిత ఆ సంగతి మనకు చెప్పాడు కదా అని మీరు అడగవచ్చు. దుర్గ కథలోని పిల్ల. మీ అక్క ఆ పత్రికను అత్తగారింట్లో కూర్చుని చదవవలసి వచ్చిన మనిషి.

మీరు పంపిన కథ చదివాను. అందులో తమ్ముడు తప్పులు చేస్తాడు, సిగ్గుపడతాడు, ఎదుగుతాడు. అక్క మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఇస్తూనే ఉంటుంది. అప్పటికి ఆమెకూ పదమూడేళ్లే కదా! తోటి ఆడపిల్లలు సంచులు తగిలించుకుని బడికి పోతుంటే ఆమె మనసులో ఏమున్నదో ఒక్క వాక్యమైనా లేదు. డబ్బు సంగతి కంటే ఇదే ఆమెను ఎక్కువ నొప్పించి ఉండవచ్చు.

ఫోనులో సంజాయిషీ చెప్పకండి. బతుకమ్మకు ఆడపడుచును తోలుకొచ్చేందుకు తల్లిగారింటి నుంచి పోయే ఆనవాయితీ ఉంది కనుక, ఈసారి మీరే వెళ్లండి. పత్రిక వెంట తీసుకుపోవద్దు. బావగారు లేనప్పుడు, అడగకుండా రాసినందుకు క్షమించమని ఒక్కమాట చెప్పి ఊరుకోండి. ఆమె మాట్లాడకపోతే మళ్లీ వెళ్లండి. మాట్లాడిన రోజున ఆ ఏళ్లలో తనకేం గుర్తున్నదో అడగండి, మధ్యలో అడ్డురాకుండా వినండి. సందుగ ఘట్టం వద్దంటే, నవల కుంటుపడినా సరే, తీసేయండి.